వంటింటి గోడ నేనే పూశాను

రాజోలు

అన్నకు,

నమస్కారం. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారా? నేను బాగానే ఉన్నాను. ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనులో నన్ను ఏ రోజూ ఒక మాట పూర్తిగా చెప్పనివ్వలేదు నువ్వు. కాగితానికైతే అడ్డం రాలేవు.

పశువుల ఆసుపత్రిలో పని బాగుంది. గేదెను తోలుకొచ్చిన రైతు కూడా నన్ను అండీ అనే పలకరిస్తాడు. వాన మాత్రం మన కదిరి వాన కాదు, పట్టుకుంటే మూడు రోజులు బట్టలు ఆరవు. కూరల్లో కొబ్బరి అలవాటైంది కానీ సంగటి మీదికే మనసు పోతోంది. వదినను కాస్త రాగిపిండి పార్సిల్ చేయమను. ఆదివారాలు కొంచెం దిగులేస్తుంది, అంతే. బెంగ వద్దని అమ్మకు చెప్పు.

ఇక అసలు సంగతి. నేను కొన్న పెంకుటింట్లో వంటగది గోడ చెమ్మపట్టి పెచ్చులూడుతోందని నీకు చెప్పాను. సత్తిబాబు అనే మేస్త్రిని పెట్టాను. రెండు రోజులు వచ్చి, పాత పూత సగం చెక్కి, మానేశాడు. ఫోను ఎత్తడు. పది రోజులు చూసి, చివరికి మార్కెట్లో కనిపిస్తే నిలదీశాను. తల దించుకుని చెప్పాడు.

"మీ అన్నయ్యగారు ఫోన్ చేసేరండీ. మొగుణ్ణి వదిలేసొచ్చిన మనిషి, కాపురమే నిలబెట్టుకోలేదు, గోడలేం నిలబెడుతుంది, ఆమె మాట విని పని చెయ్యొద్దు అన్నారండీ. తనొచ్చేదాకా ఆగమన్నారండీ."

కూరగాయల కొట్టు ముందు, నలుగురూ వింటుండగా. ఈ ఊళ్ళో నేను ఎవరికీ చెప్పుకోని మాట అది. మేస్త్రి నంబరు నువ్వు అడిగితే నేనే ఇచ్చాను, కూలి గురించి మాట్లాడతావేమో అనుకున్నాను. నేను వదిలేసొచ్చిన ఆ మనిషి నా చెయ్యి విరగ్గొట్టిన రోజు ఆసుపత్రిలో కట్టు కట్టించింది నువ్వే కదన్నా. అన్నీ తెలిసిన నోటితో ఆ మాట ఎలా అన్నావు?

ఆ సాయంత్రమే సుత్తి, ఉలి కొనుక్కొచ్చాను. మిగిలిన సగం పూత నేనే చెక్కాను. ప్రతి దెబ్బకూ నిన్ను తిట్టుకున్నాను, దాచను. తర్వాత ఫోనులో వీడియోలు చూసి సిమెంటు కలిపి పూశాను. వారం తిరక్కుండానే గోడ ఉబ్బింది. పప్పు ఉడుకుతుండగా చాపంత పెచ్చు ఊడి పొయ్యి మీద పడింది. కూర్చుని ఏడ్చాను. నీ మాటే నిజమవుతోందని ఏడ్చాను.

ఆ చప్పుడుకు పక్కింటి వెంకటరత్నంగారు వచ్చారు. ఆవిడ భర్త బతికున్నన్నాళ్ళూ సున్నం పని చేశారట. గోడ తడిమి చూసి, "ఇది సున్నం గోడమ్మా. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ ఎక్కడికి పోతుందండీ?" అన్నారు. ఆడవాళ్ళకెందుకీ పని అనలేదు. మర్నాడు సున్నం ఎక్కడ దొరుకుతుందో చెప్పి, నానబెట్టడం చూపించారు. నీళ్ళలో వెయ్యగానే అది కుతకుత ఉడికి చిందింది. ముంజేతి మీద బొబ్బలెక్కాయి. ఇప్పుడు మానాయి, అమ్మకు చెప్పకు. సాయంత్రాలు పని నుంచి వచ్చాక మిగిలిన సిమెంటు చెక్కేసి, రోజూ కాస్త కాస్త సున్నం పూశాను. తాపీ పట్టడం రాక సగం సున్నం నేలపాలే. ఇరవై రోజులు పట్టింది. మొన్న నాలుగు రోజులు ముసురు పట్టినా పెచ్చు రాలలేదు.

నిన్న సత్తిబాబు తనే వచ్చాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి, వేళ్ళతో తట్టి చూశాడు. "వంకరుందండీ. కానీ ఊడదండీ, ఆయ్" అన్నాడు. వసారా గోడకు నా దగ్గర పని చేస్తానన్నాడు. ఎవరి మాట మీద చేస్తావని అడిగాను. మీ మాట మీదేనండీ అన్నాడు.

అయినా నా కోపం తీరలేదు. ఇల్లు అమ్మేసి వచ్చెయ్యమని ఇంకెప్పుడూ అనకు. ముందు సత్తిబాబుకు ఫోన్ చేసి, నువ్వన్న మాట నువ్వే వెనక్కి తీసుకో. ఆ ఇల్లు మా చెల్లెలిది అని చెప్పు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా పీట వేసి అన్నం పెడతాను.

అమ్మ పాదాలకు నా నమస్కారాలు. వదినను, పిల్లలను అడిగినట్టు చెప్పు. అమ్మ దీవెన పంపితే చాలు. నీ దీవెన, నువ్వు ఆ ఫోను చేశాక అడుగుతాను.

నీ చెల్లెలు,
హేమలత