శౌరయ్యగారు చెప్పని పేరు

డయానాగారికి,

మీ నాన్న శౌరయ్యగారికి రక్తం ఎక్కిస్తున్నారని నిన్న తెలిసింది. కడుపులో పుండు పడిందట, కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయట. దానికి కారణం నేనే. పామర్రులో ఆయన వచ్చే మందుల షాపు నాది.

కిందటేడు నాట్లప్పుడు మోకాళ్ళ నొప్పులని వచ్చారు. డాక్టరు చీటీ అడగకుండా డైక్లోఫెనాక్ బిళ్ళలు ఇచ్చాను. మర్నాడు షాపు ముందు రెండు గుంజీలు తీసి చూపించి, "నీ హస్తవాసి మంచిదయ్యా" అన్నారు. నొప్పికి అది మంచి మందే. కానీ ఆయన వయసులో, డాక్టరు చూడకుండా నెలల తరబడి వాడితే ప్రమాదమని నాకు తెలుసు. అయినా పది నెలలు, రోజుకు రెండు చొప్పున ఇచ్చాను. కడుపు మంటంటే గ్యాస్ బిళ్ళ ఇచ్చాను. విరేచనం నల్లగా అవుతోందంటే "ఏం కాదండీ" అన్నాను. ఆయన మెప్పు నాకు అలవాటైపోయింది.

ఈ ఉదయం ఆయనే ఫోన్ చేశారు. "డాక్టరు అడిగితే ఎప్పుడన్నా ఒకటి వేసుకున్నానని చెప్పాన్లే. నీ పేరు రానివ్వను. కాళ్ళు లాగేస్తన్నాయి, ఆ బిళ్ళలు ఒక అట్ట పంపు" అన్నారు.

పంపలేదు. ఈ ఉత్తరం మీ పిన్ని ఆదెమ్మగారి చేతికిచ్చి పంపుతున్నాను. డాక్టరుగారికి చూపించండి, నా పేరు ఆదెమ్మగారికి తెలుసు, అదీ చెప్పండి. ఆయన సంచిలో బిళ్ళలుంటే తీసేయండి. గొడవ చేస్తే నాకు ఫోన్ చేయండి, నేను వచ్చి చెబుతాను. నా మాట వింటారు. ఇన్నాళ్ళూ విన్నందుకే కదా ఇలా అయ్యారు.

ఇట్లు,
మందుల షాపు నుంచి