రెండుసార్లు మార్చిన బైనాక్యులర్

జనవరి 6

ఎస్తెబెస్ ఇవాళ లారీతో తోరుగార్త్ కనుమ నుంచి దిగాడు. సరిహద్దు గేటు దగ్గర మూడు రోజులు లారీల క్యూలో పడి ఉన్నాడట. యాభై రెండేళ్ళ మనిషి, బూట్లయినా విప్పకుండా చుక్కల కథ మొదలుపెట్టాడు. అక్కడి ఆకాశం చూస్తే మతి పోతోందట. ఒక బైనాక్యులర్ కొనిపెట్టవే టీచరమ్మా, నాలుగు వేల సోములు దాటకూడదు, ఇరవై ఆరేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నావు, ఆ చదువు నీ మొగుడికి ఒక్కసారైనా అక్కరకు రానీ అన్నాడు. నా చదువు జోలికొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఊళ్ళో ఎవరి దగ్గరా లేనిది తెస్తానన్నాను.

జనవరి 8, సాయంత్రం

మా నరిన్ ఊరి బజారులో బైనాక్యులర్లు అమ్మేది ఖామిత్ ఒక్కడే. కొట్టంటే రేకు డబ్బా, రెండు బల్లలు. నేను నోరు విప్పకముందే ఎర్రగా మెరిసే అద్దాల జూమ్ ఒకటి చేతిలో పెట్టి, దీంతో చంద్రుడి మీద గుర్రాలు కూడా కనిపిస్తాయక్కా అన్నాడు. గుర్రాలు కనిపించేది నీకేలే, పొద్దున్నే ఏం తాగావో అన్నాను. పక్క కొట్టువాళ్ళు పకపకా నవ్వారు.

జూమ్‌వి ఉత్త ఆటబొమ్మలు. పది రెట్లు దాటితే చేతి వణుకుకు చుక్క నిలవదు. ముందరి అద్దం వెడల్పును ఎన్ని రెట్లో దాంతో భాగిస్తే కంటికి అందే వెలుగు వెడల్పు తెలుస్తుంది. యాభై మిల్లీమీటర్ల అద్దాన్ని ఏడు రెట్లతో భాగిస్తే ఏడు మిల్లీమీటర్లు. చీకట్లో పూర్తిగా తెరుచుకున్న కంటిపాప కూడా అంతే. ఏటా ఎనిమిదో తరగతికి చెప్పే లెక్కే. పాత సోవియట్ ఏడు-యాభై బేరమాడి తెచ్చాను. బరువే, కానీ లారీ బానెట్ మీద ఆనించి చూడొచ్చు.

జనవరి 9

వెళ్ళేముందు ఎస్తెబెస్‌కు పాఠం చెప్పాను. క్యాబిన్ లైటు, ఫోను ఆపేసి అరగంట కటిక చీకట్లో కూర్చోవాలి, కంటిపాప బాగా విప్పారాకే చూడాలి. చిత్తం టీచరమ్మా, హోంవర్క్ కూడా రాసుకొస్తానన్నాడు.

జనవరి 14

వచ్చీరాగానే బైనాక్యులర్‌ను బల్ల మీద పడేశాడు. ప్రతి చుక్క చుట్టూ రంగురంగుల వలయమట, సబ్బు బుడగలా. ఉర్కెర్, అదే కృత్తికల గుంపయితే మొత్తం అలుక్కుపోయిందట. చిన్నప్పుడు అందులో ఏడు లెక్కపెట్టేవాణ్ణి, ఈ ముసలి డొక్కుతో ఒక్కటీ లేదన్నాడు.

పాత సరుకు, లోపల అద్దానికి బూజు పట్టి ఉంటుందన్నాను. పగలు కిటికీలోంచి కరెంటు స్తంభం చూశాను. బాగానే ఉంది. అయినా మార్చేస్తాను.

జనవరి 15

మార్చాను. ఖామిత్ గొణిగాడు, నేను అరిచాను. ఈసారి కొత్తది, పది-యాభై.

జనవరి 22

మళ్ళీ వలయాలు. పైగా కుడి కనుబొమ్మ మీద తలనొప్పి, పడుకుంటే తగ్గిందట. రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూడకపోతే కళ్ళు లాగి నొప్పి పుడుతుంది. అదే చెప్పాను. ఎదురొచ్చే లారీల హెడ్‌లైట్ల చుట్టూ కూడా ఈ మధ్య వలయాలే అన్నాడు. ముందద్దం మీద మంచు తుడుచుకోవయ్యా అన్నాను.

నా దగ్గర జవాబు లేని ప్రశ్న ఉండదు.

జనవరి 24

నేను తిరిగిచ్చిన ఏడు-యాభైని ఖామిత్ ఇంటికి తీసుకెళ్ళి తనే చూశాడట. చుక్కలు సూదిమొనల్లా ఉన్నాయక్కా, అద్దం తప్పు కాదు, అన్నను ఓసారి కంటి డాక్టరుకు చూపించు, మా నాన్నకూ ఇట్లాగే మొదలైంది అన్నాడు. మెల్లగానే చెప్పాడు. నేను మాత్రం బజారంతా వినేలా కడిగేశాను. అమ్మేది దొంగసరుకు, పైగా నా మొగుడికి గుడ్డితనం అంటగడతావా, ఫిజిక్స్ నువ్వు నాకు నేర్పుతావా అన్నాను. పది-యాభై వెనక్కి తీసుకుని ఎనిమిది-నలభైరెండు ఇచ్చాడు.

కంటి డాక్టరంటే లారీ లైసెన్సు పోయే గోల కూడా ఉంది. ఆ మాట ఇంట్లో ఎత్తలేదు.

జనవరి 27

మంచు. కనుమ మూశారు. ఎస్తెబెస్ అవతలే ఇరుక్కున్నాడు.

ఫిబ్రవరి 3

ఫోన్ చేశాడు. ఈసారి గంటసేపు చీకట్లో కూర్చున్నాడట, నా మాట మీద. వలయాలు ఇంకా పెద్దవయ్యాయట.

ఫిబ్రవరి 9, మధ్యాహ్నం

తోటి డ్రైవరు ఫోన్ చేశాడు. రాత్రి నుంచి ఎస్తెబెస్‌కు ఆగకుండా వాంతులు, తల పట్టుకొని అరుస్తున్నాడట, కళ్ళు పచ్చిమాంసంలా ఎర్రబడ్డాయట. దారిలో తిన్న మాంసం పడలేదనుకొని కడుపుకు మాత్రలు వేశారు. మాట్లాడించమంటే ఫోన్ ఎస్తెబెస్ చేతికిచ్చారు. మీ వదినకు చెప్పొద్దురా భయపడుతుందని పక్కవాడితో అంటున్నాడు, ఇవతల ఉన్నది నేనేనని తెలియక.

దారి ఇంకా తెరవలేదు.

ఫిబ్రవరి 12

ఆసుపత్రి. నిన్న దారి తెరిచాకే ఎస్తెబెస్‌ను దించగలిగారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నా దగ్గర చదువుకున్నవాళ్ళ వయసు. లైట్ల చుట్టూ వలయాలు ఎప్పటినుంచి అని అడిగింది. జనవరి నుంచమ్మా, మా ఆవిడ పాపం రెండుసార్లు బైనాక్యులర్ మార్చింది అన్నాడు ఎస్తెబెస్. ఆమె రాయడం ఆపేసి నన్ను చూసింది.

బయట వరండాలో చెప్పింది. కంట్లో నీరు పోయే దారి కొందరికి పుట్టుకతోనే ఇరుకు. చీకట్లో కంటిపాప విప్పారితే ఆ దారి మూసుకుపోతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. వలయాలు కనపడ్డ మొదటి వారం తీసుకొచ్చుంటే లేజరుతో పది నిమిషాల పనట. కుడి కన్ను పోయింది. ఎడమకంటితో వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే.

గంటలకొద్దీ చీకట్లో కూర్చోవడం వల్ల కూడానా అని అడిగాను. కూడా అంది. ఎవరు కూర్చోమన్నారని అడగలేదు.

ఫిబ్రవరి 13

కంటిపాప బాగా విప్పారాకే చూడాలి. నేనే అన్నాను. ఛీ.

ఫిబ్రవరి 20

ఇంటికి తెచ్చాం. పలకరించడానికి వచ్చిన ప్రతివాడికీ ఎస్తెబెస్ ఒకటే చెబుతున్నాడు, ఆ ఖామిత్‌గాడి చవక అద్దాలు నా కళ్ళు తినేశాయి, మా ఆవిడ రెండుసార్లు పోట్లాడింది, ఇంకేం చేస్తుంది పాపం అని. అద్దం కన్ను తినదు. ఎనిమిదో తరగతి పిల్లాడికైనా తెలుసు. నోరు తెరిచాను. అప్పుడే అతను చెయ్యి చాపి, టీచరమ్మా ఎక్కడున్నావే అని గాల్లో వెతికాడు. ఇక్కడే ఉన్నానన్నాను. అంతే అన్నాను.

చెబితే చూపు తిరిగొస్తుందా అని రాశాను, కొట్టేశాను. అది సాకు. భయం, అదీ అసలు సంగతి.

ఫిబ్రవరి 26

మరిది తోల్కున్ ఇద్దర్ని వెంటేసుకుని వెళ్ళి ఖామిత్ కొట్టు పగలగొట్టాడు. అతన్నీ కొట్టారు, ముందు పళ్ళు రెండు పోయాయి. అన్నయ్య కళ్ళకు ఇది కూడా తక్కువే వదినా అని తోల్కున్ నా ముందు రొమ్ము విరుచుకొని నిలబడ్డాడు. చేతికి దెబ్బ తగిలింది. కట్టు కట్టాను.

మార్చి 2

ఊరి పెద్దలు పంచాయతీకి కూర్చున్నారు. దొంగసరుకని ముందే తెలుసా అని ఖామిత్‌ను అడిగితే, అద్దం బాగానే ఉంది, ఈ అక్కకే ఒక మాట చెప్పాను, ఆమెనే అడగండి అన్నాడట. ఒకాయన నన్ను పిలిపించి అడిగాడు, ఏం చెప్పాడమ్మా అని.

గుర్తులేదన్నాను.

మార్చి 5

ఖామిత్ పెద్దలు వేసిన తప్పుకింద గొర్రెను తోలుకొచ్చాడు. ఎస్తెబెస్ చెయ్యి పట్టుకొని, నాదే తప్పన్నా అన్నాడు. ఎస్తెబెస్ క్షమించాడు.

మాంసం నేనే వండాను. ఖామిత్‌కు నేనే వడ్డించాను. పళ్ళు లేక చాలాసేపు నమిలాడు.