రెండు నీళ్ళు

బుధవారం రాత్రి, బరంపురం

నా ప్రోగ్రాం పనిచేసింది. సముద్రం కోసేసిన పాత పొడంపేట ఫొటో స్క్రీన్ మీద వంద ముక్కలుగా చెదిరి, మళ్ళీ ఊరై అతుక్కుంటోంది. పదిసార్లు నడిపి చూశాను. రేపు మా పత్రిక సైట్‌లోకి వెళ్ళాలి.

పొద్దున చేపలు తెచ్చిన లచ్చమ్మకు చూపించాను. ఆమెది ఆ ఊరే. "ఋషికుల్య నీరు సముద్రంలో ఎట్టీసినావేటి బాబూ? మా పడవ ఎటెల్తాది?" అంది. నదీ, సముద్రమూ నాకు రెండూ ఒకే నీలం. అసలు ఫొటోతో పోల్చితే ఆమె మాటే నిజం. రంగు చూసి అతికించమని ప్రోగ్రాంలో రాసింది నేనే. ఇన్నేళ్ళ నా వార్తల్లో ఇలా అతికినట్టు కనిపించినవి ఎన్నో...

ప్రతి ముక్కకూ దాని చోటు నంబరు ఇచ్చి మళ్ళీ నడిపాను. సాయంత్రం తిరిగి వెళ్తూ వచ్చిన లచ్చమ్మ బుట్ట దింపి, స్క్రీన్ మీద నదిలోంచి సముద్రంలోకి వేలు జరిపింది.

"ఇప్పుడు ఎల్తాది," అంది.