కిష్టయ్య ఎడమచెయ్యి

శ్రీకూర్మం,
ఆగస్టు 1968

బావగారికి,

ఇక్కడ మేమంతా కులాసా. మీరు అడగకపోయినా రాస్తున్నాను.

ఫ్రెంచి దొర మీద మీరు అచ్చేయించిన వ్యాసం చదివాను. పాపం, ఆయన బతుకంతా సొంతంగా ఒక్క బొమ్మ వెయ్యలేదు. ఎవరో వేసిన దేవుడి పటాలు చూసి రాగిరేకు మీద గీకి, అచ్చులు తీసి అమ్ముకున్నాడు. మేరీమాత ఒళ్ళో బిడ్డ ఎడమచేత్తో దీవించడం గొప్ప వేదాంతమని మీరు మూడు పేజీలు రాశారు. రేకు మీద తిరగేసి చెక్కకపోతే అచ్చులో కుడి ఎడమవుతుంది. మీ కాలేజీ రబ్బరు స్టాంపు చూసినా తెలిసేది.

మీకన్నా మా అమ్మే నయం. "కుడిసేతి నిండా ఎన్నముద్దున్నాది కదరా, అందుకే కిష్టయ్య ఎడంసెయ్యి ఎత్తినాడు" అంటుంది.

ఇప్పుడు మా అమ్మ పూజలో ఉన్న ఆ పటం అరుదైనదని, ఎగ్జిబిషనుకి పంపమని రాశారు. మీ పెళ్ళయిన తొలి దసరాకి, పాతసామాన్ల కొట్లో కొని, యశోదాకృష్ణులని చెప్పి అమ్మ చేతిలో పెట్టింది మీరే. అది మేరీమాత అని మీ వ్యాసం చూశాకే నాకు తెలిసింది. అమ్మకి చదువు రాదు కనక మీరు బతికిపోయారు. ఆవిడ అద్దం తీయించి, యశోదమ్మ నుదుట కాగితం మీదే కుంకుమ పెట్టింది. శుక్రవారం శుక్రవారం వెన్న నైవేద్యం పెడుతుంది.

నేను పటం దించను. మీరే వచ్చి, అది యశోదమ్మ కాదని మీ అత్తగారికి మీ నోటితో చెప్పి పట్టుకెళ్ళండి. శుక్రవారం వస్తే వెన్న ప్రసాదం పెడుతుంది. కుడిచెయ్యే పట్టండి.

మీ బావమరిది