కాంటన్ దాకా వచ్చిన వెదురు పెట్టె

కాంటన్ నగరం, చైనా
27-4-1986, ఆదివారం

లక్ష్మమ్మాళ్ అత్తకు నీ అన్న కూతురు కాంతామణి నమస్కరించి రాసే ఉత్తరం.

అందరం క్షేమం అని మొదలుపెట్టాలని నువ్వే నేర్పావు. అందరం అన్నంత వరకు రాయగలను. క్షేమం అన్న మాట దగ్గర కలం ఆగుతోంది. అమ్మ వాలకం నాకు అంతుపట్టడం లేదు అత్తా. నువ్వు నేర్పిన అక్షరాలు అమ్మకూ నాన్నకూ రావు కాబట్టి ఇంత ధైర్యంగా రాస్తున్నాను. అమ్మ ఎదురుగానే కూర్చుని ఉంది. "మీ అత్తకేనా అంత పొడుగు? నా మీద ఏమి ఎక్కిస్తా ఉండావు?" అని ఇప్పటికే రెండుసార్లు అడిగింది. వాన గురించి రాస్తున్నానని చెప్పాను. వాన కూడా ఉంది కనుక అది పూర్తిగా అబద్ధం కాదు.

ఇక్కడి పట్టు సంత చూడడానికి నాన్న తనకు మాత్రమే టికెట్టు కొనుక్కుని ఉంటే బాగుండేది. పట్టునూలు ముట్టి చూసి మంచిచెడ్డలు చెప్పడానికి అమ్మ కావాలన్నాడు, ఇంగ్లీషు మాట్లాడడానికి నేను కావాలన్నాడు. నా ఇంగ్లీషు ఇక్కడ ఎవరికీ అక్కరలేదు. మాకు ఇచ్చిన దుబాసీ పేరు వాంగ్. నాన్న అడిగే పొడుగాటి ప్రశ్నను నేను ఇంగ్లీషులో పెడతాను. ఆయన దాన్ని చైనా భాషలో పెడతాడు. ఎదుటివాళ్ళు తమలో తాము చాలాసేపు మాట్లాడుకుంటారు. చివరికి మాకు దక్కేది "కుదరదు" అన్న ఒక్క ముక్క. మిగతా మాటలన్నీ ఎక్కడికి పోయాయని నాన్నకు అనుమానం. "వాడు వింటా ఉండాడు, మెల్లగా మాట్లాడు" అంటాడు. పాలకోడు సంతలో పక్కనున్న తమిళం వాళ్ళకు తెలియకూడదంటే మనం తెలుగులోకి దిగుతాం కదా, ఆ అలవాటు. ఇక్కడ గొంతు చించుకుని అరిచినా అర్థమయ్యేవాడు లేడు. అయినా నాన్న గుసగుసలాడుతూనే ఉన్నాడు.

శంక అంటే ముల్లు గుచ్చుకోవడం, అనుమానం అంటే ఆ ముల్లు విరిగి లోపలే ఉండిపోవడం అని నాకు తోచింది. బాగుందా అత్తా? నాకు రెండోది పట్టుకుంది.

బయలుదేరిన రోజే మొదలైంది. నువ్వు కట్టిచ్చిన నిమ్మకాయ ఊరగాయ సీసాను అమ్మ బస్టాండులోనే, సాగనంపడానికి వచ్చిన మన పాలేరు కుప్పన్ చేతికి తిరిగి ఇచ్చేసింది. చైనా పోయేవాళ్ళు ఊరగాయ వదిలేసి వెళ్తారా? తర్వాత నా పౌడరు డబ్బా తీసి పారేసింది. నాన్నను ముక్కుపొడి దూరంగా పోయి వేసుకోమంది. ఇదంతా ఒక వెదురు పెట్టె కోసం. దోసిట్లో పట్టేంత పెట్టె, తడిగుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుంది. మారియమ్మ గుడి కుంకుమట. కుంకుమకు తడిగుడ్డ ఎందుకు? మద్రాసు విమానాశ్రయంలో తనిఖీ చేసే ఆయనకు కూడా అదే చెప్పింది. ఆయన కళ్ళకద్దుకుని వదిలేశాడు.

అక్కడే మా విమానం ఒక రాత్రంతా ఆలస్యమైంది. అందరూ బెంచీల మీద ఒరిగారు. అమ్మ మాత్రం పెట్టెను కొంగులో దాచుకుని కూర్చునే ఉంది. నాన్న నన్ను పక్కకు పిలిచి, "మీ అమ్మ నాకు తెలీకుండా బంగారమేమైనా తెచ్చిందా? దొరికితే నా పట్టు వ్యాపారం లైసెన్సు పోతుందే" అన్నాడు. నాకేమో అమ్మకు ఏదో జబ్బు ఉందనీ, అందులో ఉన్నది ఎవరో మంత్రించి ఇచ్చిన మందు అనీ భయం.

మొన్న తిరుగు ప్రయాణం. వాన వల్ల విమానం రాలేదు. నిన్నా రాలేదు. కౌంటరులో అమ్మాయి నవ్వి చేత్తో కూర్చోమని చూపిస్తుంది, అంతే. ఎప్పుడు అంటే నవ్వు, ఎందుకు అంటే నవ్వు. "పోయి కనుక్కో, పోయి కనుక్కో" అని అమ్మ నన్ను తరుముతూనే ఉంది. నిన్న సాయంత్రం మమ్మల్ని మళ్ళీ హోటలుకు పంపేసినప్పుడు బస్సులో ఏడ్చింది. విమానం రాలేదని ఎవరైనా ఏడుస్తారా? పొలం అమ్మినప్పుడు కూడా అమ్మ ఏడవలేదు.

అడిగితే, "గమ్మునుండు. ఇల్లు అట్ల వదిలేసి వచ్చినాను, ఎవరి కన్ను పడతా ఉందో" అంది. ఎవరి కన్ను అన్నదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది గానీ రాయకపోతే ఉత్తరమే బొంకు అవుతుంది. రెండు పంటలు వరసగా పోయినప్పటి నుంచి పట్టుపురుగులు పెంచే ఇంటి తాళంచెవి అమ్మ మొలలోనే ఉంది. బొట్టు లేని మనిషి తొంగి చూసింది, అందుకే పురుగు చచ్చింది అని మహేంద్రమంగళం ఊరంతా చెప్పింది. "మా అమ్మ ఇచ్చిన విత్తనం ఇది, దానికి వంక లేదు" అని కూడా చెప్పింది. ఈసారి విత్తనమే పెట్టలేదని నీతో అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ సాయంత్రమే నాతో, నెల తిరిగేలోగా కుప్పానికి, నీ మరిది ఇంటికి వెళ్ళిపోతానన్నావు. ఎవరికీ చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు. కానీ ఆ మాట నన్ను కాంటన్ దాకా తరుముకొచ్చింది.

ఈ ఉదయం లేచేసరికి అమ్మ గదిలో లేదు, పెట్టె కూడా లేదు. నాన్న కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా కిందికి పరుగెత్తాడు. వాంగ్ గారు పోలీసులకు చెప్పాలా అన్నట్టు చూశాడు. కొంతసేపటికి అమ్మే వచ్చింది. హోటలులో గదులు ఊడ్చే ముసలమ్మ వెంట ఉంది. చీర అంచు బురద, వేళ్ళకు పచ్చటి మరక. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు, అయినా ఆవిడ నవ్వుతూ అమ్మ భుజం తట్టి వెళ్ళింది. ఎక్కడికి పోయావని నాన్న గద్దిస్తే, "నన్నెవరు ఎత్తుకుపోతారు?" అని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

మా గుంపులోని సేలం వ్యాపారికి, విమానం దొరికే మరో ఊరికి పోయే రైల్లో ఒక్క టికెట్టు దొరికింది. సాయంత్రం బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికిస్తాను, మద్రాసులో పోస్టు చేస్తాడు. మాకంటే ముందు నీకు చేరుతుంది. నేను వచ్చేదాకా మూట కట్టకు అత్తా.

నీ దగ్గర దిద్దుకున్న అక్షరాలతో,
కాంతామణి

తా.క. కవరు అంటించబోతుంటే అమ్మ తలుపు తీసి పెట్టెను మంచం మీద పెట్టింది. అందులో ఉన్నది కుంకుమ కాదు, బంగారమూ కాదు. అట్ట మీద పట్టుపురుగుల గుడ్లు, మన విత్తనం. ఘాటు వాసన తగిలితే పాడవుతాయనే ఊరగాయనూ పౌడరునూ ముక్కుపొడినీ దూరం పెట్టిందట. నీకు విత్తనం పెట్టలేదని చెప్పి, నువ్వున్న ఇంట్లో వదలడానికి మనసొప్పక ఇంత దూరం మోసుకొచ్చింది. పగిలేలోగా ఇల్లు చేరతామనుకుంది. విమానం రాలేదు, గుడ్లు పగిలాయి. పొద్దున ఆ ముసలమ్మకు పెట్టె తెరిచి చూపిస్తే ఆవిడ నవ్వి, వానలోనే తీసుకుపోయి మల్బరీ ఆకు కోసి ఇచ్చిందట.

నాన్న తల కొట్టుకున్నాడు. "పురుగుకు ఇది పుట్టినిల్లే! ఇక్కడికా పురుగును మోసుకొచ్చినావు?" అన్నాడు. అమ్మ నవ్వలేదు. సగం గుడ్లు పగలలేదు. పగిలినవాటి పిల్లపురుగులను లేత ఆకు మీద వేసినా నోరు పెట్టలేదు, నల్లబడి రాలిపోతున్నాయి. అమ్మ చాలాసేపు వాటినే చూసి, "పోయిన రెండు తూర్లూ ఇట్లనే పోయినాయి" అంది. మళ్ళీ తనే, "ఇక్కడ మీ అత్త లేదే. ఎవరు తొంగి చూసినారు?" అంది. తెగులు ఆ విత్తనంలోనే ఉంది అత్తా. అమ్మ పెట్టెను కిందికి తీసుకుపోయి, వాళ్ళమ్మ ఇచ్చిన ఆ విత్తనాన్ని తన చేత్తోనే హోటలు పొయ్యిలో వేసి వచ్చింది.

ఇప్పుడు పక్కన కూర్చుని రాయమంటోంది. "కుప్పం పోను మీ అత్త మూట కట్టుకునిందని నాకు తెలీదనుకున్నావా? పోవద్దని రాయి. తాళంచెవి నా మొలలో ఉండాది, నేను ఎప్పుడొస్తానో ఆ విమానానికే తెలీదు. తాళం పగలగొట్టమను. తట్టలన్నీ ఎండలో వేసి, ఇల్లు సున్నంతో కడగమను. కుప్పన్‌తో వద్దు. తన చేత్తోనే పగలగొట్టాల అని రాయి."

రాశాను. సరిగ్గా రాశానో లేదోనని రెండుసార్లు చదివించుకుంది.