స్టే ముక్కకి అవార్డు

నవంబర్ 9

ఈ రోజు క్లిప్‌బోర్డు పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది. కాఫీ పండించేవాళ్లూ కొనేవాళ్లూ కలిసి పెట్టుకున్న సంఘం పంపిందట. నేలనీ నీళ్లనీ పాడుచేయకుండా కాఫీ పండించే తోటలకి సస్టెయినబిలిటీ అవార్డు ఇస్తారట. మీ తోట చూపించండి అంది. ఏ తోట అన్నాను. మాకు మూడున్నాయి మరి. కింద పెద్దన్నది, పైన చిన్నన్నది, మధ్యలో ఎవరిదీ కానిది.

నాన్న పోయాక ఆ మధ్య ముక్క నాదంటే నాదని ఇద్దరూ కోర్టుకెక్కారు. కోర్టు స్టే ఇచ్చింది. కేసు తేలేదాకా అందులో కొమ్మ నరకకూడదు, కొత్త మొక్క నాటకూడదు, మందు కొట్టకూడదు. పండిన కాఫీ పళ్లు మాత్రం కోసి పంచుకోవచ్చు. తూకం వేసి పంచే పని నాది. ఇద్దరూ నన్ను సమానంగా అనుమానిస్తారు కాబట్టి ఆ పనికి నేనే తగినదాన్నని తేల్చారు. పేరుకి చెల్లెల్ని, పిలిచేది మాత్రం గుమస్తా అని. పనివాళ్లు ఆ తోటని స్టే ముక్క అంటారు.

అన్నలిద్దరికీ పదేళ్లకి పైగా మాటల్లేవు. ఆయనగారికి చెప్పు అని ఈయన, ఆ పెద్దమనిషికి చెప్పు అని ఆయన. చెప్పీ చెప్పీ నా నాలుక అరిగిపోయింది. వాళ్లిద్దరూ ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే చాలు, నాకింకేమీ అక్కర్లేదు. ఇది ఎన్నిసార్లు రాసుకున్నానో.

అమ్మాయి పెద్దన్న తోటలో ఏదో రాసుకుంది. చిన్నన్న తోటలో ఇంకా తక్కువ రాసుకుంది. స్టే ముక్కలోకి రాగానే రాయడం మానేసి, తల పైకెత్తి అలాగే నిలబడిపోయింది. మెడ పట్టేస్తుందేమో అనుకున్నాను.

నవంబర్ 10

నిన్న అసలు సంగతి రాయలేదు. సిగ్గేసింది.

కాఫీకి నీడనిచ్చే ఇంత పెద్ద చెట్లని నరక్కుండా ఉంచాలన్న నిర్ణయం ఎవరిదని అడిగింది. జడ్జిగారిది అనాలి. అందరం కలిసి అనుకున్నామండీ అన్నాను. నోట్లోంచి ఎలా ఊడిపడిందో నాకే తెలియదు. బయటి మనిషి ముందు ఇంటి గొడవ ఎందుకని కాబోలు. గడ్డి మందు ఎందుకు కొట్టలేదంది. ఎవరూ ఒప్పుకోలేదన్నాను. అది మాత్రం పచ్చి నిజం. చిన్నన్న మందు కొట్టించబోతే పెద్దన్న స్ప్రేయర్‌కి అడ్డంగా పడుకున్నాడు. పెద్దన్న కొమ్మలు కొట్టించబోతే చిన్నన్న పోలీసుని పిలుచుకొచ్చాడు.

అమ్మాయి అన్నీ రాసుకుని, మీ కుటుంబం విజన్ చాలా గొప్పదండీ అంది.

నవంబర్ 22

మళ్లీ వచ్చింది. ఈసారి ఇద్దరిని వెంటేసుకుని. ఒకాయన బైనాక్యులర్ పెట్టుకుని పిట్టల్ని లెక్కపెట్టాడు. ఒకాయన మట్టి తవ్వి వాసన చూశాడు, చూసి నాకూ చూపించాడు. నల్లగా, తడిగా ఉంది. చెయ్యి పెడితే మణికట్టుదాకా దిగిపోయింది. రోజూ తొక్కుకుంటూ తిరిగే నేలే కదా, ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నాకు తెలిసిందల్లా ఆ చెట్ల ఆకులన్నీ ఎగిరొచ్చి నేను ఎండబోసిన కాఫీ మీద పడతాయని, ఊడ్వలేక నడుం పోతుందని.

తర్వాత కప్పింగ్ అని మూడు తోటల కాఫీ వరసగా కప్పుల్లో పోసి, చెంచాలతో జుర్రుమని పీల్చారు. చిన్నప్పుడు మేం అలా చప్పుడు చేస్తే అమ్మ వీపు చీరేసేది. స్టే ముక్క కాఫీ దగ్గర ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీడలో పండు నిదానంగా పండుతుందట, అందుకే ఆ తియ్యదనమట. నేనూ తాగి చూశాను. కాఫీలాగే ఉంది. ఇంటికొచ్చాక పాలు పోయకుండా ఇంకోసారి పెట్టుకుని తాగాను. తియ్యగా ఉందేమో మరి. చెప్పారు కాబట్టి అనిపించిందో, నిజంగానే ఉందో తెలియలేదు.

డిసెంబర్ 3

పక్క తోటకి ఎన్ని మార్కులొచ్చాయో కనుక్కోమని పెద్దన్న కబురు పెట్టాడు. గంట తిరక్కుండా చిన్నన్నా అదే అడిగాడు.

జనవరి 15

అవార్డు మాకే.

మూడు తోటలూ కలిపి ఒకే ఎస్టేటు కింద లెక్క వేశారట. ఓనర్లందరూ ఒకే స్టేజీ మీదికొచ్చి తీసుకోవాలట. ఫోన్ పెట్టేశాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అసలు మేం చేసిందేమిటి? ఏమీ చేయలేదు. ఒకరిని ఇంకొకరు ఏమీ చేయనివ్వలేదు. దానికి అవార్డా?

కబుర్లు మోశాను. ఆయనగారు వస్తే నేను రానన్నాడు పెద్దన్న. ఆ పెద్దమనిషి రాకపోతే మంచిదే, నేనొక్కణ్ణే తీసుకుంటానన్నాడు చిన్నన్న. ఈ మాట అక్కడ చెప్పాను. వెంటనే పెద్దన్న కోటు ఇస్త్రీకిచ్చాడు.

జనవరి 28

హాలు ఏసీకి ఫ్రిజ్‌లా ఉంది. అన్నలిద్దరూ స్టేజీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఫొటోగ్రాఫర్ దగ్గరికి జరగమంటాడు, వీళ్లు వినిపించనట్టు నిలబడతారు. చివరికి అతనే పైకెక్కి ఇద్దరి భుజాలూ పట్టుకుని జరిపాడు. ఇన్నేళ్లుగా నా వల్ల కాని పని.

ఒక్కటే ట్రోఫీ. గాజుతో చేసిన ఆకు. ఇద్దరూ చేతులు చాచారు, ఎవరూ వదల్లేదు. అలాగే ఫొటో పడింది. చూసేవాళ్లకి ఎంత ప్రేమో అనిపిస్తుంది. కిందికి దిగాక, అది ఒకరి దగ్గరుంటే ఇంకొకరు ఒప్పుకోరని నా చేతికొచ్చింది.

నాలుగు మాటలు చెప్పమని మైకు పెద్దన్నకిచ్చారు. గొంతు సవరించుకుని, నేనూ మా తమ్ముడూ అని మొదలుపెట్టాడు. అంతే, తర్వాత ఏం చెప్పాడో నేను వినలేదు. తమ్ముడు అనే మాట ఆయన నోట మళ్లీ వింటాననుకోలేదు. పక్కనున్న క్లిప్‌బోర్డు అమ్మాయి నాకు టిష్యూలు అందిస్తూనే ఉంది. అవార్డు వచ్చినందుకు ఏడుస్తున్నాననుకుంది పాపం.

భోజనాల దగ్గర చిన్నన్న, పెద్దన్న ప్లేటులోంచి స్వీటు తీసి తన ప్లేటులో వేసుకున్నాడు. పెద్దన్నకి షుగరని ఈయనకి చెప్పింది నేనే, ఎప్పుడో మాటవరసకి. అప్పుడు వినిపించుకోనట్టు మొహం తిప్పుకున్నాడు.

ఫిబ్రవరి 6

పెద్దన్న కంచె దాటి చిన్నన్న వరండాలో కూర్చున్నాడు. ఇది వరసగా నాలుగో రోజు. కబుర్లు మోసే ఉద్యోగం ఊడింది నాకు. చాలా సంతోషంగా ఉంది. కొంచెం ఉక్రోషంగానూ ఉంది. నన్ను కాఫీకి పిలవాలని ఇద్దరికీ తోచలేదు.

ఫిబ్రవరి 19

రాజీ. స్టే ముక్క చెరి సగం. ప్లీడరుగారి దగ్గరికి ఇద్దరూ ఒకే కారులో వెళ్లారు. అమ్మ ఉంటే ఎంత బాగుండేది. ఆ తల్లికి ఇద్దరి కంచాలూ పక్కపక్కన పెట్టాలని ఎంత ఉండేదో నాకు తెలుసు.

ఫిబ్రవరి 20

కర్ర వ్యాపారి వచ్చాడు. ఎర్ర పెయింటు డబ్బా తెచ్చాడు. స్టే ముక్కలో పెద్ద చెట్లన్నిటికీ నంబర్లు వేసుకుంటూ పోయాడు.

ఎవరు రమ్మన్నారని అడిగితే ఇద్దరూ అన్నాడు.

ఫిబ్రవరి 21, పొద్దున్నే

నిన్న అన్నల దగ్గరికి పరుగెత్తాను. వరండాలో ఇద్దరూ ఒకే పేపరు చెరో సగం చదువుకుంటున్నారు. చెట్లు తీసేస్తే ఎండ బాగా పడుతుంది, కాపు రెట్టింపవుతుంది, కర్రకి మంచి రేటు కూడా పలుకుతోంది అని పెద్దన్న. అన్నయ్య ఆలోచన భలే ఉంది కదా అని చిన్నన్న. అన్నయ్యట! మరి అవార్డు సంగతేమిటన్నాను. అది వచ్చేసింది కదా అన్నాడు పెద్దన్న. ఫొటో కూడా ఫ్రేము కట్టించేశామన్నాడు చిన్నన్న. ఇద్దరూ నవ్వుకున్నారు.

నాకేమీ అర్థం కావడం లేదు. వీళ్లు కొట్టుకున్నన్నాళ్లూ ఆ చెట్లు చల్లగా ఉన్నాయి. మాట కలిసి నెల తిరక్కుండానే చెట్లకి మూడింది. ఇన్నేళ్లలో ఇద్దరూ ఒక్క మాట మీదికి రావడం ఇదే మొదలు, ఆ మాట గొడ్డలి. మరి ఆ సంఘంవాళ్లు స్టేజీ మీద ఎవరికి శాలువా కప్పినట్టు? మాకా, కోర్టుకా, మా కడుపుమంటకా?

ఆ చెట్లంటే నాకేమంత ప్రేమని? లేదు. ఆకులు ఊడ్చేటప్పుడు వాటిని తిట్టని రోజు లేదు. కానీ ఆ మట్టాయన నా చేతిని ఆ నేలలో పెట్టించిన దగ్గర్నుంచి ఏదో అయింది. ఇవాళ ఇంకా పూర్తిగా తెల్లారకముందే వెళ్లి నిలబడ్డాను. ఆ అమ్మాయి నిలబడ్డ చోటే, తల పైకెత్తి. పొడుగు ముక్కు పిట్ట ఒకటి ఏదో పండు తింటూ తొక్కలు నా నెత్తిన పారేసింది. కోపం రాలేదు. భయమేసింది. ఇవన్నీ పోతాయని గట్టిగా భయమేసింది.

అలాగని చెప్పి ఆపగలనా? మళ్లీ కొట్టుకుంటే చెట్లు మిగులుతాయి, కలిసుంటే అన్నలు మిగులుతారు. రెండూ నాకు కావాలి.

సాయంత్రం

క్లిప్‌బోర్డు అమ్మాయికి ఫోన్ చేశాను. అవార్డు ఇచ్చింది చెట్లకా, మాకా అని అడిగాను. మీ కృషికండీ అంది. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

మార్చి 2

ప్లీడరుగారు పిలిపించారు. రాజీ కాగితం మీద మూడో సంతకం కావాలట. కేసులో నా పేరు కూడా ఉందట, నాన్నకి నేనూ బిడ్డనే కాబట్టి. వాటా అడగాలని నాకెప్పుడూ తోచలేదు. నాకో వాటా ఉంటుందని ఆ ఇద్దరికీ తోచలేదు. ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో టిక్కు పెట్టి, పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చారు.

నేను పెట్టకపోతే ఏమవుతుందన్నాను. ఆయన నవ్వారు. నా మొహం చూసి నవ్వు ఆపేశారు. రాజీ ఆగుతుంది, స్టే అలాగే ఉంటుంది, కేసు మళ్లీ మొదటికొస్తుంది అన్నారు. ఎన్నాళ్లు పడుతుందన్నాను. అమ్మా, మా అబ్బాయి ఇప్పుడే లా చదువుతున్నాడు, వాడి చేతుల్లో తేలొచ్చేమో అన్నారు. చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది.

మధ్య ముక్కలో నాకు వాటా కావాలన్నాను.

మార్చి 3

ఇద్దరూ కలిసి నా గదికొచ్చారు. ఉన్నది ఒక్క కుర్చీ. పెద్దన్న కూర్చున్నాడు, చిన్నన్న ఆ కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడ్డాడు. నన్ను తిట్టడానికొచ్చారని తెలుసు. అయినా అలా చూస్తుంటే కడుపు నిండినట్టయింది.

గుమస్తా అనుకున్నాం గానీ ఇంత గుంభనంగా ఉందనుకోలేదన్నాడు పెద్దన్న. ఈ వయసులో ఈ ఆస్తి పిచ్చేమిటే, చచ్చేటప్పుడు కట్టుకుపోతావా అన్నాడు చిన్నన్న. ఇన్నేళ్లకి మేం కలిస్తే ఓర్వలేకపోయావు కదా అన్నారు. ఎవరన్నారో గుర్తులేదు. ఆ మాటకి మాత్రం చచ్చిపోవాలనిపించింది.

చెట్ల కోసమని చెప్పొచ్చు. చెబితే నవ్వుతారు. లేదా చిన్నన్న నా పక్కన కూర్చుని, పిచ్చిదానా అని తల నిమురుతాడు, నేను కరిగిపోయి సంతకం పెట్టేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకని నాకు ఆస్తే కావాలన్నాను. ఆ మాట ఇద్దరికీ వెంటనే అర్థమైంది.

ఏప్రిల్ 11

చిన్నొదిన పుట్టినరోజు. నన్ను పిలవలేదు. వరండాలోంచి ఇద్దరి నవ్వులూ ఇక్కడిదాకా వినిపించాయి.

జూలై 4

వానలు. చెట్ల మీద నంబర్లు పోలేదు, ఆయిల్ పెయింటు కదా. వాటి మీద నాచు మాత్రం పడుతోంది. చేసింది మంచో చెడో ఇంకా తేలలేదు నాకు. ఒకరోజు మంచిదనిపిస్తుంది, ఇంకో రోజు అన్నం సయించదు. దారిలో పెద్దన్న ఎదురైతే గొడుగు నా వైపు వంచి నడిచాడు, మొహం కనపడకుండా.

నవంబర్ 12

అమ్మాయి ఈ ఏటి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చింది. ఎర్ర నంబర్లేమిటండీ అంది. చెట్లు లెక్కపెట్టించామన్నాను. చాలా మెచ్చుకుంది. చెట్లని కాపాడటానికి ఈ ఏడాది ఏమేం చేశారంది.

ఈసారి నిజంగానే కష్టపడ్డామన్నాను. వివరాలు అడిగింది. వంట ఉందని చెప్పి లోపలికొచ్చేశాను.

డిసెంబర్ 1

కోర్టు నోటీసు వచ్చింది. నాకు వాటా లేదంటూ అన్నలు నా మీద కౌంటరు వేశారు. ఇద్దరి సంతకాలూ ఒకే పేజీలో, పక్కపక్కనే ఉన్నాయి. చిన్నన్నది కొంచెం పెద్దన్న దాని మీదికి ఎక్కింది కూడా.

గాలికి ఎగిరిపోకుండా గాజు ఆకు తెచ్చి దాని మీద పెట్టాను.