పచ్చ చుక్క, ఎర్ర బొట్టు, 631

ఆహార భద్రతాధికారి గారి సముఖమునకు,
జంషెడ్‌పూర్.

విషయం: చిరుతిండి ప్యాకెట్ల మీది అంకెలు, చుక్కల కారణముగా భుయ్యాడీహ్‌లో ఖాళీ అయిన ఒక కుర్చీ గురించి.

అయ్యా,

తమరికి తెలుగు రాకపోవచ్చునని ఎరుగుదును. అయినను మా మామ్మ దాలమ్మ తనకు అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయదు. కావున అసలు తెలుగులోను, నకలు హిందీలోను సమర్పించడమైనది.

1. మా మామ్మయు, పక్కింటి షమీమా ఖాలాయు ముప్పై ఏళ్ళుగా సాయంత్రం అయిదింటికి మా వరండాలో రెండు కుర్చీలు వేసుకుని టీ తాగుచున్నారు. టీ ఖాలాది, ప్యాకెట్లు మామ్మవి. ఇందులో ప్రభుత్వమునకు అభ్యంతరం ఉండదని తలుస్తాను.

2. ఈ నెల మూడవ తేదీన ఖాలా మనవరాలు సెలవులకు వచ్చి, చిప్స్ ప్యాకెట్ వెనక్కి తిప్పి, "నానీ, ఇందులో రుచి పెంచే 631 ఉంది. అది మొక్క నుంచీ తీస్తారు, చేప నుంచీ తీస్తారు, పంది నుంచీ తీస్తారు. ఇది ఎందులోంచి తీసిందో రాయలేదు" అని హిందీలో ప్రకటించినది. ఖాలా నోటి దాకా వచ్చిన చిప్స్ ముక్కను ప్లేటులో పెట్టేసింది. పదకొండు రోజులుగా ఆ కుర్చీలో పిల్లి పడుకుంటున్నది.

3. నేను రసాయనశాస్త్రంలో బి.ఎస్సీ. అతికష్టం మీద ఉత్తీర్ణుడనైనందున విచారణ నా నెత్తిన పడినది. కంపెనీ వారికి ఫోన్ చేసి 631 పుట్టుపూర్వోత్తరాలు అడిగితిని. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించి, "సర్, మా చిప్స్ చాలా టేస్టీగా ఉంటాయి" అని ధ్రువీకరించారు.

4. ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉన్నది కనుక మొక్కదే అయి ఉండునని నేనే తీర్పు రాసుకుని, మామ్మకు శుభవార్త చెప్పబోయితిని. మామ్మ నవ్వింది.

"నాకు తెల్దేటి? పచ్చ సుక్క షమీమావోల్లది, ఎర్ర బొట్టు మనది. పదేళ్ళబట్టి సూసే ఎడతన్నానురా."

అయ్యా, ఆ ఎర్ర బొట్టు తమ శాఖ వారి మాంసాహార గుర్తు! అది గుండ్రం పోయి ముక్కోణం అయినప్పుడు సైతం "బొట్టు ఫేషను మారిందిరా" అని మామ్మ ముచ్చటపడినది. ప్రతి శనివారం వెంకన్నబాబుకు ఒంటిపూట ఉండి, సాయంత్రం టీలోకి "మనోల్ల కేకు" అని ఏరి ఏరి గుడ్డు కేకు తిన్నది.

చెప్పక తప్పలేదు. విని మామ్మ, "నాను తిన్నది నా కర్మ. షమీమాకి ఎట్టకూడనిది ఎట్టేసేనేమోరా. ముందు అది తేల్సు" అన్నది. ఈ పేరాకు నెంబరు వేయుటకు చేయి రాలేదు, మన్నించగలరు.

5. కావున 631 దేనినుంచి వచ్చినదో కంపెనీ వారిచేత అక్షరాలా రాయించవలెను. పచ్చ చుక్క శాకాహారమని చెబుతుందే గాని హలాల్ అని చెప్పదు. ఎసెన్సులో సారా ఉన్నా చుక్క చుక్కే. రాసేది చీమ తలకాయంత కాకుండా, కనీసం చీమంతైనా ఉండవలెను.

6. పదేళ్ళ శనివారాలు చెల్లునా, చెల్లవా? తమ పరిధి కానిచో సంబంధిత శాఖకు పంపవలెను.

పై సంగతులు తమరు భూతద్దం సహితంగా చిత్తగించి, ఆ కుర్చీలోంచి పిల్లిని లేపగలరని ఆశించు

తమ విధేయుడు,
కౌశిక్, బి.ఎస్సీ.
(పేట ప్యాకెట్ల పాఠకుడు)

తా.క.: మామ్మ వేలిముద్ర మీద నూనె మరక ఉన్నది. ప్యాకెట్లతో విసిగి చెగోడీలు వేయిస్తూ మధ్యలో వచ్చి వేసినది. ఆ వాసనకు ఖాలా గేటు దగ్గర ప్రత్యక్షమైనది.

"దీదీ, ఇస్మే క్యా డాలా?" అని, ఇందులో ఏం వేశావని ఆరా తీసినది.

"నీ కళ్ళెదుటే ఏత్తన్నాను కదే. నువ్వే సూడు."

ఖాలా బియ్యప్పిండి ప్యాకెట్ అందుకుని, అటూ ఇటూ తిప్పి, నా చేతిలో పెట్టి, "పఢ్, బేటా" అన్నది. చదివాను.

"పదార్థాలు: బియ్యం."

అయ్యా, నా చదువు మొత్తంలో ఇంత చక్కని వాక్యం తగల్లేదు. ఖాలా పిల్లిని లేపి కూర్చుంది. అయినను అర్జీ వెనక్కి తీసుకోవడం లేదు, ఎందుకనగా చెగోడీ కొరకబోతూ మామ్మ ఇప్పుడే అడిగినది: "ఒరే, ఇది శనోరం తినొచ్చేటి?"